లూప్‌కి చెవులుండవు: మైల్స్ డేవిస్ ‘డూ-బాప్’ గురించి

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ లాంటి జాజ్ రికార్డు చేసిన ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ముసలితనంలో హిప్ హాప్ బీట్ల మీద ఎందుకు పడ్డాడు, డబ్బు కోసమేనా అన్నది ఒకటి. ఆ ‘డూ-బాప్’ అసలు వినదగ్గ ఆల్బమేనా అన్నది రెండోది. ట్రంపెట్ నేర్చుకుంటున్నానని చెప్పి చివర్లో అడిగారు చూడండి, ఆ సన్నటి శబ్దం, చెవిలో ఎవరో గుసగుసలాడినట్టు ఉండేది, అది ఎలా వస్తుందని, అది మూడోది. వరసగా చెప్పడం నాకు చేతకాదు. అన్నీ కలిపి చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

నా సంగతి రెండు ముక్కలు. పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ మొదలుపెట్టాను, తర్వాత చెన్నైలో సినిమా పాటలకీ రీరికార్డింగులకీ చాలా ఏళ్ళు వాయించాను. పెద్ద హాల్లో వయొలిన్ల వెనక కూర్చుని కండక్టర్ చెయ్యి చూస్తూ వాయించిన రోజులున్నాయి. తర్వాత్తర్వాత ఒక్కణ్ణే గాజు గదిలో నిలబడి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, కంప్యూటర్‌లోంచి వచ్చే లూప్ (ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ తిరగడం) మీద నాలుగు బార్ల (తాళం ఆవర్తాల్లాంటివి) బిట్ వాయించి, కవరు తీసుకుని ఇంటికెళ్ళిన రోజులూ ఉన్నాయి. డూ-బాప్ నాకు అర్థమైంది ఈ రెండో రకం రోజుల వల్లే. మొదటిసారి విన్నప్పుడు నేనూ మీలాగే అనుకున్నాను, ఈయనకి ఇదేం ఖర్మ అని.

ఆల్బం 1992 జూన్ 30న వచ్చింది, వార్నర్ బ్రదర్స్ వాళ్ళు వేశారు. అప్పటికి మైల్స్ చనిపోయి తొమ్మిది నెలలు. 1991 సెప్టెంబర్ 28న కాలిఫోర్నియాలో పోయాడు, 65 ఏళ్ళకి. రికార్డింగ్ అదే ఏడాది మొదట్లో న్యూయార్క్‌లో జరిగింది. ఆయన పోయేనాటికి ఆరు ముక్కలే పూర్తయ్యాయి, ఆల్బంలో ఉన్నవి తొమ్మిది. ఈ ఆరు, తొమ్మిది లెక్క మర్చిపోకండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను, నా దృష్టిలో ఈ ఆల్బం గుట్టంతా అక్కడే ఉంది.

దీనికి బీట్లు చేసింది ఈజీ మో బీ అనే బ్రూక్లిన్ కుర్రాడు. కవరు లోపలి రాతల్లో ఉన్న కథ ఏమిటంటే, ఎండాకాలంలో న్యూయార్క్‌లో తన ఇంట్లో కిటికీలు తెరుచుకుని కూర్చున్న మైల్స్‌కి కింద వీధిలోంచి వచ్చే చప్పుళ్ళు వినపడ్డాయట, ఆ చప్పుడంతా ఒక ఆల్బంలో పట్టుకోవాలనిపించిందట. డెఫ్ జామ్ అనే ర్యాప్ రికార్డుల కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడైన రసెల్ సిమ్మన్స్‌కి ఫోన్ చేసి, కుర్ర నిర్మాతలెవరైనా ఉంటే చెప్పమన్నాడు. అలా దొరికాడు మో బీ. అప్పటికి అతనికి ‘ర్యాపిన్ ఈజ్ ఫండమెంటల్’ అని ముగ్గురి గుంపొకటి ఉంది, పాతకాలపు డూ-వాప్ గొంతుల పాటకి ర్యాప్ కలిపి దానికి ‘డూ-హాప్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ డూ-హాప్‌లో మైల్స్ కుర్రతనంలో వాయించిన బీబాప్ అనే జాజ్ రకం కలిపితే ‘డూ-బాప్’. పేరు వినడానికి తమాషాగా ఉన్నా ఇద్దరి సంగీతాల ఇంటిపేర్లూ అందులో ఉన్నాయి.

ఈ మో బీని చిన్నచూపు చూడకండి. రెండేళ్ళు తిరిగాక 1994లో ర్యాపర్ నొటోరియస్ బి.ఐ.జి. మొదటి ఆల్బం ‘రెడీ టు డై’లో అరడజను దాకా పాటలకి బీట్లు చేసింది ఇతనే. క్రెయిగ్ మ్యాక్ ‘ఫ్లేవా ఇన్ యా ఇయర్’ కూడా ఇతనిదే. అంటే ముసలాయన ఎవరో దారిన పోయేవాణ్ణి పట్టుకోలేదు. మనుషుల్ని పసిగట్టడంలో మైల్స్ ముక్కు అలాంటిది, 1963లో 17 ఏళ్ళ టోనీ విలియమ్స్‌ని డ్రమ్స్ మీద కూర్చోబెట్టినవాడు.

ఇక డబ్బు కోసమా అన్న మాట. డబ్బు చేదని మైల్స్ ఎప్పుడూ అనలేదు, కార్లంటే పడి చచ్చేవాడు. కానీ డబ్బు కోసమే అయితే ఆ వయసులో తేలికైన దారి ఇంకోటుంది. పాత పాటలు మళ్ళీ వాయించడం. జపాన్‌లో, యూరప్‌లో ‘సో వాట్’, ‘మై ఫన్నీ వాలెంటైన్’ వాయిస్తానంటే టికెట్లు ఎగబడి కొనేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆ పని చెయ్యనని మొండికేశాడు. చివరికి 1991 జూలై 8న స్విట్జర్లాండ్‌లోని మాంట్రో జాజ్ పండగలో క్విన్సీ జోన్స్ బతిమాలితే, ఒకప్పుడు తన కోసం గిల్ ఎవాన్స్ రాసిన పాత అరేంజ్‌మెంట్లు వాయించాడు. అంటే చూడండి, అదే ఏడాది చలికాలంలో ర్యాప్ బీట్ల మీద, ఎండాకాలంలో 1950ల నాటి స్వరాల మీద. ఒళ్ళు సహకరించని మనిషి చేసే పనులేనా ఇవి?

ఇంకో సంగతి, హిప్ హాప్ ఆయనకి బయటి నుంచి వచ్చిపడింది కాదు. నా మాట నమ్మకపోతే 1969 నాటి ‘ఇన్ ఎ సైలెంట్ వే’ వినండి. అందులో రెండు పెద్ద ముక్కలే ఉంటాయి, ఒక్కో వైపుకి ఒకటి. రెండో వైపు మొదట్లో వచ్చే నెమ్మది భాగం, చివర్లో మళ్ళీ వస్తుంది. మళ్ళీ వాయించారని అనుకుంటాం. కాదు, నిర్మాత టియో మాసెరో టేపు కోసి, మొదటి భాగాన్నే కాపీ తీసి చివర అతికించాడు. మొదటి వైపూ అంతే. అచ్చం అదే వాయింపు, అదే ఊపిరి. రికార్డయిన ముక్కని కోసి మళ్ళీ వాడుకోవడమనే పని మైల్స్ ఇంట్లో అప్పటికే మొదలైంది, బ్లేడుతో. కూల్ హెర్క్ అనే జమైకా కుర్రాడు న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద హాల్లో రెండు టర్న్‌టేబుళ్ళు పెట్టి చేసిన పార్టీ, హిప్ హాప్ పుట్టిన రోజుగా అందరూ చెప్పుకునేది, అది 1973 ఆగస్టు 11న.

మధ్యలో 1972లో ‘ఆన్ ది కార్నర్’ ఉంది. ఒకే బేస్ గీత గంటకొద్దీ తిరుగుతున్నట్టుంటుంది, పైన మన తబలా, సితార్ కూడా ఉంటాయి (తబలా బాదల్ రాయ్‌ది), ట్రంపెట్‌కి వా-వా పెడల్ తగిలించి గిటారులా ఏడిపించాడు. జేమ్స్ బ్రౌన్, స్లై స్టోన్ లాంటి ఫంక్ పాటగాళ్ళని వినే నల్లజాతి కుర్రకారు తన రికార్డులు కొనాలని చేశాడు దాన్ని. వాళ్ళు కొనలేదు, జాజ్ విమర్శకులు దుమ్మెత్తి పోశారు, పాతికేళ్ళ తర్వాత ఎలక్ట్రానిక్ సంగీతం వాళ్ళూ హిప్ హాప్ వాళ్ళూ నెత్తిన పెట్టుకున్నారు. కాబట్టి 1991లో ఈయన వీధి చప్పుడు కోసం కిటికీ తెరిచాడంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు. ఆ కిటికీ ఇరవై ఏళ్ళుగా తెరిచే ఉంది, మధ్యలో జబ్బుతోనూ మత్తుతోనూ ఓ అయిదారేళ్ళు ట్రంపెట్ ముట్టకుండా కూర్చున్నప్పుడు తప్ప.

సరే, ఇంత వెనకేసుకొచ్చాను కదా, మరి ఆల్బం బాగుందా అంటే సగమే బాగుంది. ఎందుకు సగమో చెప్పాలంటే లూప్ మీద వాయించడం ఎలా ఉంటుందో చెప్పాలి.

కచేరీలో మృదంగం వాయించేవాడు పాడేవాడి నోరు చూస్తూ ఉంటాడు. పాట ఎక్కడ విరుపు తీసుకుంటుందో పసిగట్టి అక్కడ చెయ్యి తేలిక చేస్తాడు, స్వరకల్పనలో ముక్తాయింపు వస్తోందని ముందే తెలుసుకుని దానికి సరిపడా వేస్తాడు. బుర్రకథలో అయితే వంత వాళ్ళు లేకుండా కథకుడు పది నిమిషాలు నిలబడలేడు, వాళ్ళ ‘తందాన తాన’ మీదే కదా ఆయన ఊపిరి పీల్చుకునేది. జాజ్ కూడా పక్కవాళ్ళ చెవుల మీద నడిచే సంగీతమే. మైల్స్ రెండో క్వింటెట్‌లో (1960ల నాటి అయిదుగురి గుంపు) ఆయన ఒక స్వరం వాయించి ఆగితే హెర్బీ హాంకాక్ పియానో మీద దాన్ని అందుకుని ఇంకో గదిలోకి తీసుకెళ్ళేవాడు, టోనీ విలియమ్స్ నేలే మార్చేసేవాడు. మైల్స్ వాయించని చోట్లు అంత గొప్పగా ఉండటానికి కారణం ఆ ఖాళీలో పక్కవాళ్ళు ఏదో చేస్తారు. ఆ ఖాళీ వాళ్ళకోసం వదిలిన పీట.

లూప్‌కి చెవులుండవు. రెండు బార్లు, నాలుగు బార్లు, అంతే, మళ్ళీ మొదటికి. మీరు ఏడ్చినా నవ్వినా దానికి పట్టదు. మీరు వదిలిన పీట మీద ఎవరూ వచ్చి కూర్చోరు. స్టూడియోలో మొదటిసారి లూప్ మీద వాయించినప్పుడు నాకు ఎలా ఉందంటే, ఫోనులో అవతలివాడు మాట్లాడుతూనే ఉన్నాడు, నా మాట మాత్రం అటు వెళ్ళట్లేదు. దానికి అలవాటు పడటానికి నాకు ఏళ్ళు పట్టింది. అలవాటు పడ్డాక చాలామంది చేసేదేమిటంటే లూప్‌తో పాటే నడవడం, ఒకటో దెబ్బ మీద మొదలెట్టి నాలుగో బారు చివర ముగించడం. కొలతకి కుట్టిన జాకెట్టులా సరిపోతుంది, అందుకే ప్రాణం ఉండదు.

ఇప్పుడు డూ-బాప్‌లో మొదటి పాట ‘మిస్టరీ’ పెట్టుకుని మైల్స్ ఏం చేస్తున్నాడో వినండి, డ్రమ్ముని పట్టించుకోకండి. బారు మొదట్లో మొదలుపెట్టడు. బీట్ కాస్త ముందుకెళ్ళాక, అప్పుడే గుర్తొచ్చినట్టు ఒక మాట అంటాడు. వాక్యం సగంలో ఆపేసి, లూప్ తిరిగి మొదటికి వచ్చే గీత దాటాక మిగతా సగం పూర్తి చేస్తాడు. దాని వల్ల వినేవాడికి ఆ అతుకు కనపడదు. లూప్ వినదు కాబట్టి, వినడమనే పని మొత్తం తనే నెత్తిన వేసుకున్నాడు. ఇది తేలిక కాదండీ, నేను వందసార్లు ప్రయత్నించాను. ‘టుటు’ (1986) నుంచీ ఆయనకి ఇది అభ్యాసమే, అందులో చాలా భాగం మార్కస్ మిల్లర్ సింథసైజర్లతో, డ్రమ్ మిషన్లతో ముందే కట్టి పెడితే ఈయన వచ్చి పైన వాయించాడు. ‘సోన్యా’, ‘చాకొలెట్ చిప్’ కూడా ఇలాగే వినండి. నాకు ‘సోన్యా’ ఎక్కువ ఇష్టం, ఎందుకంటే చెప్పలేను, రాత్రి పూట బాగుంటుంది.

ఆ కాలం బీట్ల గురించి ఒక పిట్టకథ. అప్పట్లో న్యూయార్క్ నిర్మాతలు రికార్డుల్లోంచి ముక్కలు ఎక్కించుకుని బీట్లు కట్టడానికి ఎక్కువగా వాడిన పెట్టె ఎస్పీ-1200. మొత్తం కలిపి పది సెకన్ల శబ్దం మాత్రమే పడుతుంది అందులో. చోటు ఆదా చెయ్యడానికి 33 స్పీడు రికార్డుని 45లో తిప్పి ఎక్కించుకుని, పెట్టెలో మళ్ళీ కిందికి దించేవాళ్ళు. శబ్దానికి ఆ గరుకుదనం వచ్చింది అలాగే, ఎవరో కావాలని ఇసక చల్లినట్టు. ఇందులో మన ట్రంపెట్ వాళ్ళకి ఒక చిక్కుంది. అలా తిప్పితే శ్రుతి సరిగ్గా తిరిగి వస్తుందన్న గ్యారంటీ లేదు, పియానో మీద ‘ఎ’ అనే స్వరానికి అది అటో ఇటో ఉంటుంది. దానికి మనం స్లైడు (ట్రంపెట్‌లో శ్రుతి సర్దే గొట్టం) లాగి, పెదవి సర్ది సరిపోవాలి. టైటిల్ పాటలో వెనక వచ్చే మెత్తటి తీగలాంటిది ‘కూల్ అండ్ ది గ్యాంగ్’ వాళ్ళ ‘సమ్మర్ మ్యాడ్‌నెస్’ లోది, 1974 పాట. దాని మీద ట్రంపెట్ ఎంత సుఖంగా కూర్చుందో గమనించండి.

ఇక ర్యాప్. మూడు పాటల్లో ఉంది, ‘ది డూ-బాప్ సాంగ్’, ‘బ్లో’, ‘ఫాంటసీ’. మీకు నచ్చలేదన్నారు, నాకూ నచ్చలేదు, కానీ కారణం వేరు. ర్యాప్ పాతబడింది అంటారు అందరూ, 1991 నాటిది పాతబడక ఏమవుతుంది, ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959 నాటిది. అసలు బాధ ఏమిటంటే ఆ కుర్రాళ్ళు మైల్స్‌తో మాట్లాడరు, మైల్స్ గురించి మాట్లాడతారు. మైల్స్ ఇంత గొప్పవాడు, అంత చల్లటివాడు అని ఆయన పక్కనే నిలబడి చెప్తుంటారు, సన్మాన సభలో శాలువా కప్పే ముందు వక్తల్లాగ. పాపం ఆయన మధ్యలో రెండు ఊదులు ఊది ఊరుకుంటాడు, సభలో పెద్దాయన తల ఊపినట్టు. ఒక్కచోట కూడా ర్యాపర్ ఒక మాట అని ఆగితే ట్రంపెట్ దానికి ఎదురుచెప్పడం, ట్రంపెట్ ఒక వంపు తిరిగితే ర్యాపర్ దాన్ని నోటితో పట్టుకోవడం లాంటిది నాకు వినపడలేదు. హిప్ హాప్‌కి అది రాదా అంటే వచ్చు, సైఫర్ కట్టి (గుండ్రంగా చేరి) నిలబడినప్పుడు వాళ్ళు చేసేదే అది, ఒకడి చివరి మాట ఇంకొకడు అందుకోవడం. వాళ్ళ చేతిలో ఉన్నదే వాడుకోలేదు. భక్తి ఎక్కువైంది. ఎదురుగా మైల్స్ డేవిస్ ఉంటే ఎవడికి నోరు లేస్తుంది చెప్పండి.

ఇప్పుడు ఆ ఆరు, తొమ్మిది లెక్క. మైల్స్ పోయాక మిగిలిన ఆల్బం నింపడానికి కంపెనీ వాళ్ళు మో బీకి ఆయన పాత, విడుదల కాని ట్రంపెట్ టేపులు ఇచ్చారు. 1985లో ‘రబ్బర్‌బ్యాండ్’ అనే పేరుతో మొదలుపెట్టి పక్కన పెట్టేసిన సెషన్లలోవి. వాటి చుట్టూ కొత్త బీట్లు కట్టి చేసినవి ‘హై స్పీడ్ చేజ్’, ‘ఫాంటసీ’. తొమ్మిదోది ‘మిస్టరీ’కే చిన్న తోక. ఇందులో మోసమేమీ లేదు, కవరు మీదే రాశారు. కానీ ఒకసారి ఆలోచించండి. మిగతా ఆరింటిలో లూప్ వినకపోయినా మైల్స్ వింటున్నాడు. ఈ రెండింటిలో మైల్స్ కూడా వినట్లేదు. 1985లో వేరే గదిలో, వేరే డ్రమ్ముకి, వేరే కోడ్స్‌కి (కలిసి మోగే స్వరాల గుంపులకి) వాయించిన మనిషి ఊపిరి అది. ‘హై స్పీడ్ చేజ్’ చాలామందికి ఇష్టం, పరుగు బాగుంటుంది, మో బీ పనితనం కూడా మెచ్చుకోవాల్సిందే, ఎక్కడ కొయ్యాలో తెలిసినవాడు. అయినా నాకు ఆ ట్రంపెట్ వింటుంటే ఇబ్బందిగా ఉంటుంది.

ఎందుకో చెప్తాను. ఒకసారి ఒక పాటకి ఎనిమిది బార్ల బిట్ వాయించాను, నెమ్మది పాట, నా మట్టుకు నాకు తృప్తిగా వచ్చింది. ఏడాది తర్వాత టీ కొట్టులో టీవీలో ఏదో మాస్ పాట వస్తుంటే మధ్యలో నా ట్రంపెట్! అదే బిట్, స్పీడు పెంచి, కింద డప్పు పెట్టి. ఎవరు చేశారో పేరెందుకు, ఆయన నన్ను అడగలేదు, అడగాలని ఆ రోజుల్లో ఎవరికీ తోచేది కాదు కూడా. డబ్బు సంగతి వదిలెయ్యండి. స్వరాలు తప్పు లేవు, శ్రుతి సరిపోయింది, పక్కన టీ తాగేవాడు కాలు ఆడిస్తున్నాడు. కానీ ఆ విరుపు నేను నెమ్మదిగా దిగే ఒక కోడ్ కోసం తీసుకున్నది, ఆ కోడ్ అక్కడ లేదు. నా ఫోటోలో తలకాయ కోసి ఇంకెవడి పెళ్ళి ఫోటోలోనో అతికించినట్టనిపించింది. ‘ఫాంటసీ’ విన్న ప్రతిసారీ నాకు ఆ టీ కొట్టు గుర్తొస్తుంది. మీకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి మీకు నచ్చవచ్చు. (ఆ రబ్బర్‌బ్యాండ్ టేపుల్ని 2019లో వేరుగా ఆల్బంగానే వేశారు, దాన్నీ చాలానే చెక్కారు గానీ, పోల్చుకోవడానికి పనికొస్తుంది.)

కాబట్టి ‘డూ-బాప్’ ఒక ఆల్బం అని కాకుండా, ఆరు పాటల చిత్తుప్రతి, దానికి పోయినాయన వస్తువులతో చేసిన అనుబంధం అనుకుని వినండి. చిత్తుప్రతి అని ఎందుకంటున్నానంటే, ఆ చివరి పదేళ్ళలో మైల్స్ పద్ధతి అది. స్టూడియో రికార్డు పచ్చి సరుకు, వంట స్టేజి మీద. ‘టుటు’ పాట రికార్డులో అయిదు నిమిషాలు, మిషను మీద కట్టిన బొమ్మ. అదే పాట కచేరీల్లో రెట్టింపు సాగి, డ్రమ్మర్ మనిషి, బేస్ మనిషి అయ్యేసరికి పూర్తిగా వేరే జంతువు. నమ్మకపోతే 1996లో వచ్చిన ‘లైవ్ అరౌండ్ ది వరల్డ్’ సంపాదించండి, అందులో చివరి ముక్క ‘హానిబాల్’ ఆయన ఆఖరి కచేరీలోది, హాలీవుడ్ బౌల్, 1991 ఆగస్టు 25. పోవడానికి అయిదు వారాల ముందు. అందులో ఆయన ఆగితే మనుషులు ఆగుతున్నారు, ఆయన కదిలితే కదులుతున్నారు. డూ-బాప్ పాటలకి ఆ యోగం పట్టలేదు. ఓ రెండేళ్ళు స్టేజి మీద నలిగి ఉంటే ఆ లూపుల స్థానంలో ఎవరో ఇరవై ఏళ్ళ డ్రమ్మర్ కూర్చునేవాడని నా ఊహ. అప్పుడు ఎవరూ ఈ ప్రశ్న అడిగి ఉండేవాళ్ళు కాదేమో.

విమర్శకులు అప్పట్లో పెదవి విరిచారు. అయినా 1993లో దీనికి గ్రామీ వచ్చింది, జాజ్ విభాగంలో కాదు, ఉత్తమ ఆర్ అండ్ బి వాద్య ప్రదర్శన అని. జాజ్ అన్న మాటే తనకి నచ్చదని జీవితమంతా విసుక్కున్న మనిషికి ఇది చాలా బాగా కుదిరిందని నాకు లోలోపల నవ్వు.

ఇంకో తేదీ చెప్పకుండా ఉండలేను. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే హిప్ హాప్ గుంపు వాళ్ళ ఆల్బం ‘ది లో ఎండ్ థియరీ’ 1991 సెప్టెంబర్ 24న వచ్చింది. మైల్స్ పోయింది 28న. నాలుగు రోజులు తేడా. అందులో ‘వర్సెస్ ఫ్రమ్ ది అబ్‌స్ట్రాక్ట్’ పాటలో బేస్ వాయించింది రాన్ కార్టర్, మైల్స్ రెండో క్వింటెట్‌లో ఉన్న అదే రాన్ కార్టర్. అక్కడ ర్యాపర్ మాటకీ బేస్‌కీ మధ్య గాలి ఆడుతుంది, ఎవరూ ఎవరికీ శాలువా కప్పట్లేదు. ఆ తర్వాత 1993లో గురు అనే ర్యాపర్ చేసిన ‘జాజ్‌మటాజ్’లో డొనాల్డ్ బర్డ్ ట్రంపెట్ వాయించాడు, అది కూడా వినండి, మైల్స్ దారి ఎటు పోయేదో కొంత తెలుస్తుంది. 2003లో రాయ్ హార్‌గ్రోవ్ ‘హార్డ్ గ్రూవ్’ నాటికి ఈ గొడవే లేదు, హిప్ హాప్ వింటూ పెరిగినవాడే ట్రంపెట్ పట్టుకున్నాడు కాబట్టి ఎవరూ ఎవరి ఇంటికీ చుట్టపుచూపుగా వెళ్ళాల్సిన పని లేకపోయింది.

మైల్స్ సమాధి న్యూయార్క్‌లో వుడ్‌లాన్ శ్మశానంలో ఉంది, డ్యూక్ ఎల్లింగ్టన్ దగ్గర్లోనే. అది ఉన్నది బ్రాంక్స్‌లో. కూల్ హెర్క్ పార్టీ చేసిన బ్రాంక్సే.

ఇక మూడో ప్రశ్న, ఆ శబ్దం. అది హార్మన్ మ్యూట్. అల్యూమినియం బుడ్డిలా ఉంటుంది, మధ్యలో ఒక చిన్న గొట్టం, దాన్ని స్టెమ్ అంటారు. గొట్టం ఉంచి చేత్తో మూసి తెరుస్తూ వాయిస్తే ‘వా వా’ అని వస్తుంది, పాత కార్టూన్లలో విని ఉంటారు. మైల్స్ 1950ల నుంచీ చేసిన పని ఆ గొట్టం పీకెయ్యడం. చుట్టూ కార్కు పూర్తిగా మూసుకుంటుంది కాబట్టి గాలంతా ఆ మ్యూట్ లోంచే వెళ్ళి, మధ్య చిల్లు లోంచి బయటపడుతుంది, అందుకే అంత సన్నగా, లోహం వాసనతో ఉంటుంది. గదిలో నిలబడి వింటే అసలు వినపడనంత చిన్నది. మైకు దాదాపు ఆనేంత దగ్గర పెట్టాలి. అంటే అది సగం ట్రంపెట్ శబ్దం, సగం మైకు శబ్దం. హిప్ హాప్ డ్రమ్ము కింద భాగం అంతా ఆక్రమించేస్తుంది, ఈ శబ్దానికి కింద ఏమీ ఉండదు, కాబట్టి రెండూ ఒకదాన్నొకటి తొక్కుకోవు. ఆల్బంలో చాలా చోట్ల మ్యూటే ఉండటానికి వయసుతో పాటు ఇది కూడా కారణమని నా అనుభవం చెప్తోంది.

రెండో సగం మ్యూట్‌లో లేదు, పెదవిలో ఉంది. స్వరాన్ని వణికించకూడదు. ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో చిన్నప్పుడు ఆయనకి నేర్పిన ఎల్వుడ్ బుకానన్ ఆ వణుకు మానిపించాడు, దాంతో ఆ తిన్నని గీతలాంటి స్వరం జీవితాంతం నిలిచిపోయింది. రోజూ పది నిమిషాలు మ్యూట్ లేకుండా, వణుకు లేకుండా ఒక్కో స్వరం పొడుగ్గా పట్టండి. విసుగొస్తుంది, రానివ్వండి. తర్వాత ఫోనులో ఏదో ఒక బీట్ పెట్టుకుని, ఎనిమిది బార్లలో మూడే స్వరాలు వాయించాలని నియమం పెట్టుకోండి, ఒక్కటి కూడా ఒకటో దెబ్బ మీద పడకూడదు.

మ్యూట్ కొనేటప్పుడు కార్కు చుట్టూ సమంగా ఉందో లేదో చూసుకోండి, కొద్దిగా గాలి పోయినా ఆ శబ్దం రాదు. పెట్టగానే శ్రుతి పైకి ఎక్కుతుంది, ట్యూనింగ్ స్లైడు కాస్త బయటికి లాగండి. కింది స్వరాలు బలహీనంగా వస్తాయి, మీ తప్పు కాదు. పెట్టే ముందు బెల్ లోపలికి ఒకసారి నోటితో ఆవిరి ఊది, మ్యూట్‌ని కొంచెం తిప్పుతూ నొక్కండి, లేకపోతే పాట మధ్యలో ఊడి కిందపడి స్టూడియో అంతా టంగుమంటుంది. ఇక ఆ పీకేసిన గొట్టం ఉంది చూశారూ, దాన్ని కేసులో ఏదో మూల భద్రంగా పెట్టుకోండి. నాది పోయింది, ఆ తర్వాత కామెడీ సీనుకి వా-వా కావాలని కబురొచ్చిన ప్రతిసారీ పక్కవాణ్ణి అడుక్కోవాల్సి వచ్చింది.